చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య ఒక రోజు వదలండి

సంపాదకుడు గారికి,

అయ్యా,

సంక్రాంతి సెలవులకు అండమాన్ ప్యాకేజీల ప్రకటనలు అప్పుడే మొదలయ్యాయి. నాలుగు రోజులు, మూడు రాత్రులు, స్కూబా డైవింగ్ అందులోనే, ఈత రాకపోయినా ఫర్వాలేదు అంటున్నారు. విశాఖ నుంచి బయల్దేరే కుటుంబాలు డబ్బు కట్టేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. డైవింగ్ నేర్పడం వృత్తిగా ఉన్నవాళ్లం కనుక రాస్తున్నాం.

ప్యాకేజీల్లో దొరికేది ట్రై డైవ్. శిక్షకుడు వెనకనుంచి సిలిండర్ పట్టుకుని మిమ్మల్ని నడిపిస్తాడు. తేలడానికీ మునగడానికీ వాడే జాకెట్‌లో గాలి నింపేదీ తీసేదీ ఆయనే. లోతు 12 మీటర్లు దాటకూడదు. పైకి వచ్చాక వీడియోతో పాటు ఒక రంగుల కాగితం చేతిలో పెడతారు. సరదాకి మంచిదే, తప్పు పట్టడం లేదు. కానీ రేపు మాల్దీవులలో ఆ కాగితం చూపిస్తే పడవ ఎక్కనివ్వరు. పనికొచ్చే కార్డు PADI, SSI వంటి డైవింగ్ శిక్షణ సంస్థల ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేస్తేనే వస్తుంది. అందులో పాఠాలు, కొలనులో సాధన, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. కార్డు ఉంటే మరో డైవర్ తోడుతో 18 మీటర్ల వరకు శిక్షకుడు లేకుండానే దిగవచ్చు. పదేళ్లు నిండిన పిల్లలూ చేరవచ్చు. పన్నెండేళ్లు వచ్చేదాకా వాళ్లకు లోతు 12 మీటర్లే, పక్కన కార్డున్న తల్లో తండ్రో శిక్షకుడో ఉండాలి.

మూడు రాత్రుల్లో ఈ కోర్సు అవదు. అయితే సగం పని ఇక్కడే ముగించుకోవచ్చు. పాఠాలు ఫోన్‌లో చదువుకోవచ్చు. కొలను సాధన విశాఖలోనే చేసి, శిక్షకుడి సంతకంతో రెఫరల్ కాగితం తీసుకుంటే, ఏడాదిలోపు ఎక్కడైనా ఆ నాలుగు డైవ్‌లు పూర్తి చేయవచ్చు. అప్పుడు హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, రెండు రోజులు సరిపోతాయి. రుషికొండలో కోర్సు మొత్తం చేయాలన్నా వీలుంది. మన తీరంలో నీళ్లు తేటపడే రోజులు తక్కువ, అల ఎక్కువ. అయినా ఈ మసక నీటిలో నేర్చుకున్నవాళ్లు అండమాన్ తేట నీటిలో ఇట్టే కుదురుకుంటారని మా అభిప్రాయం.

కోర్సుకు ఈత కావాలి. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి. ఏ పద్ధతైనా సరే, టైము పెట్టరు. తర్వాత పది నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా తేలాలి. 25 మీటర్ల కొలనులో ఆ 200 మీటర్లు ఎనిమిది పొడవులు. రోజూ వెళితే నెల రెండు నెలల్లో చాలామందికి పట్టుబడుతుంది. సాధన కొలనులోనే చేయండి. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే నీటికి ఈత వచ్చినవాళ్లు కూడా పోతున్నారు.

ఆరోగ్య పత్రం కూడా ఇంటి దగ్గరే నింపండి. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ వంటి ప్రశ్నల్లో ‘అవును’ వస్తే డాక్టరు సంతకం కావాలి. గర్భిణులు అసలు దిగకూడదు. దీవి మీద, పడవ బయల్దేరబోతుండగా ఆ పత్రం చేతికిస్తే ఏం జరుగుతుందో తెలిసిందే. డాక్టరు కోసం ఎక్కడికి పోతాంలే అని అన్నిటికీ ‘కాదు’ అని గీసేస్తారు. ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో గాలి ఏ మూలైనా చిక్కుబడితే, పైకి వచ్చేటప్పుడు అది ఉబ్బి గాయం చేస్తుంది. అబద్ధం ఆడినందుకు పడే మూల్యం అది.

కొత్తవాళ్లకు నీటిలో మొదట ఇబ్బంది పెట్టేది ఊపిరి కాదు, చెవి. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. మార్పు బలంగా తగిలేది మొదటి నాలుగైదు మీటర్లలోనే. ముక్కు పట్టుకుని మెల్లిగా ఊదాలి. తల నీటిలో మునిగింది మొదలు, మీటరు దిగేలోపే ఒకసారి చొప్పున ఊదుతూ పోవాలి. అందరూ చేసే తప్పు నొప్పి వచ్చేదాకా ఆగి, అప్పుడు గట్టిగా ఊదడం. అప్పటికి చెవి లోపలి గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఎంత బలంగా ఊదినా తెరుచుకోదు సరికదా, లోచెవి దెబ్బతినవచ్చు. నొప్పి తెలిస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. తల కిందుగా కాక కాళ్లు కిందకు పెట్టి దిగితే సులువు. జలుబు ఉంటే ఆ రోజు దిగకండి. మాత్ర వేసుకుని దిగితే, దాని పని లోతులో ఉండగానే అయిపోవచ్చు. అప్పుడు చిక్కుకున్న గాలి పైకి వచ్చేటప్పుడు చెవిని లోపలినుంచి నొక్కుతుంది. అక్కడ ఆగి కూర్చుందామంటే సిలిండర్‌లో గాలి అంతసేపు ఉండదు.

ఊపిరి విషయంలో ఒకటే నియమం, ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల దగ్గర నిండా పీల్చి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు పట్టలేవు. మనిషి లోతు కొలనులో కూడా ఈ ప్రమాదం ఉంది.

గాలి ఎంతసేపు వస్తుందన్నది చిన్న లెక్కే. మామూలు అల్యూమినియం సిలిండర్ లోపలి చోటు 11 లీటర్లు, గాలి నింపే ఒత్తిడి 200 బార్ (ఒడ్డున మామూలు గాలి ఒత్తిడి సుమారు ఒక బార్). పైకి 50 బార్ మిగుల్చుకుని రావాలి కనుక వాడుకునేది 1,650 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్లలో 40 లీటర్లు కావాలి, అంటే 41 నిమిషాలు. 18 మీటర్లలో 56 లీటర్లు, అంటే 29 నిమిషాలే. కంగారుపడితే ఇందులో సగానికి పడిపోతుంది.

దిగేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ చూస్తూ, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌లోంచి నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కదలకూడదు. పీల్చినప్పుడల్లా కిందికి పడి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నమాట. ఒడ్డున గాలి బాగానే వస్తుంది, లోతులో చాలదు. నూనె వాసనో పొగ వాసనో వస్తే ఆ సిలిండర్ వద్దనండి. సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ పక్కన ఇంజను పొగ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోతుంది. సిలిండర్ మెడ దగ్గర ఒత్తిడి పరీక్ష చేసిన నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. అడిగి చూడండి, అది మీ హక్కు. ఇక మీసాలున్నవాళ్ల మాస్క్‌లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద సన్నటి గీత మేర గీయించుకుంటే చాలు. మీసం మొత్తం తీయక్కర్లేదు, కంగారుపడకండి.

ఇప్పుడు అసలు సంగతి. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. ఐదింట నాలుగు వంతులు నైట్రోజన్. ఒత్తిడిలో అది రక్తంలోకీ కండలోకీ ఎక్కువగా ఇంకుతుంది. మెల్లిగా పైకి వచ్చి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగితే కొంత ఊపిరితోనే పోతుంది. అయినా మిగిలింది గంటల తరబడి ఒంట్లో ఉండిపోతుంది. విమానం లోపల ఒత్తిడి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు తగ్గవచ్చు. మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టవచ్చు. అందుకే ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవింగ్ వైద్యుల సూచన. అవి కనీస గంటలు. పూర్తిగా ఒక రోజు వదలడం మేలు. ఆఖరి రోజు ఉదయం ఖాళీగా ఉంది కదా అని పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) దగ్గర నార్త్‌బేలో ట్రై డైవ్ ఇరికించి, మధ్యాహ్నం విమానం ఎక్కించే ప్లాన్ ఎవరిచ్చినా ఒప్పుకోవద్దు. డైవింగ్ ముందు పెట్టుకోండి. సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్, షాపింగ్ చివరికి ఉంచండి. ఆ షాపింగ్‌లో పగడపు ముక్కలు మాత్రం కొనకండి, ఏరకండి. వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

ఈ లెక్క మన ఊళ్లో ఎవరికీ పట్టడం లేదు. రుషికొండలో ఉదయం డైవ్, మధ్యాహ్నం కారులో అరకు అని ఒకే రోజులో పెట్టుకుంటున్నారు. రెండు వేల అడుగులు దాటిన ఏ ఎత్తుకైనా విమానం జాగ్రత్తే వర్తిస్తుంది. అరకు మూడు వేల అడుగుల ప్రాంతం, దారిలో ఘాట్ ఇంకా ఎత్తు. రైల్లో వెళ్లినా శిమిలిగుడ స్టేషన్ వెయ్యి మీటర్లకు దగ్గర. తిరుమలదీ అదే వరుస. సింహాచలం కొండకు ఈ బాధ లేదు. అరకు ముందు చూసి మర్నాడు డైవ్ చేస్తే ఏ ఇబ్బందీ ఉండదు.

డైవ్ తర్వాత భుజంలోనో మోచేతిలోనో తెలియని నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, మామూలు కాని నీరసం కనిపిస్తే బామ్ రాసుకుని పడుకోకండి. వెంటనే డైవ్ సెంటర్‌కు చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి. నొప్పి తగ్గుతుందేమోనని మళ్లీ నీటిలో దిగకండి. నైట్రోజన్ బుడగలతో వచ్చే ఈ జబ్బుకు చికిత్స రీకంప్రెషన్ ఛాంబర్‌లోనే, అంటే ఒత్తిడి మళ్లీ పెంచే గదిలోనే. అండమాన్‌లో అది పోర్ట్‌బ్లెయిర్ నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో ఉంది.

డైవింగ్ సహాయ నౌక ఐఎన్‌ఎస్ నిస్తార్‌ను కట్టింది మన హిందుస్థాన్ షిప్‌యార్డే. 2025 జులైలో అది ఇక్కడే నౌకాదళంలో చేరింది. అలాంటి ఊళ్లో అమ్మే టూర్ కాగితాల మీద ఈ గంటల లెక్క లేకపోవడం బాగాలేదు. చివరి డైవ్ ముగిసే సమయం, విమానం బయల్దేరే సమయం ప్యాకేజీ కాగితం మీద పక్కపక్కనే అచ్చువేసేలా పర్యాటక శాఖ ట్రావెల్ ఏజెంట్లను ఆదేశించాలి. రుషికొండ డైవ్ సెంటర్లు టికెట్ ఇచ్చేటప్పుడే ‘ఈ రోజు అరకు వెళ్తున్నారా?’ అని అడగాలి.

ఇట్లు,
కొందరు స్కూబా శిక్షకులు,
విశాఖపట్నం.