సైకిల్ మీద డ్యూటీకి వెళ్లేవాళ్ల తరఫున మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

నేను నిజాంపేటలో ఉంటాను. మాదాపూర్‌లో ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం. ఇంటి నుంచి ఆఫీసుకు 9 కిలోమీటర్లు. పదకొండేళ్లు స్కూటీ మీదే తిరిగాను. ఈ ఫిబ్రవరిలో అది రిపేరుకు వెళ్లి మూడు రోజులైనా రాలేదు. మొదటి రోజు ఆటో, రెండో రోజు బస్సు. మూడో రోజు పొద్దున సెల్లార్‌లోకి దిగితే మూలన మా అబ్బాయి సైకిల్ కనిపించింది. ఏడో తరగతిలో అలిగి మరీ కొనిపించుకున్నాడు. ఇప్పుడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. సీటు మీద వేలుతో పేరు రాయగలిగేంత దుమ్ము, రెండు టైర్లలోనూ గాలి లేదు.

నేను సైకిల్ నేర్చుకున్నది జనగామలో. గంటకింత అని అద్దెకు తెచ్చుకుని, సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి, సగం సగం తొక్కుతూ నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఎక్కితే కాళ్లు మర్చిపోలేదు. ఆ రోజు భయపడుతూ భయపడుతూ వెళ్లినా ఆఫీసుకు 48 నిమిషాల్లో చేరాను. స్కూటీ మీద 40 పడుతుంది. తేడా 8 నిమిషాలే! స్కూటీ బాగై వచ్చింది కానీ, అప్పటి నుంచి వారంలో నాలుగు రోజులు సైకిలే. చున్నీ చైనులో పడకుండా ముడేసుకోవడం, ఇంకో జత బట్టలు బ్యాగులో పెట్టుకోవడం, ఆఫీసు బాత్రూంలో ముఖం కడుక్కుని మార్చుకోవడం అలవాటయ్యాయి. రాత్రి నిద్ర బాగా పడుతోంది. సాయంత్రం ఇంటికి చేరేసరికి మునుపటి చిరాకు ఉండటం లేదు.

ఇదంతా నా ఆరోగ్యం గురించి చెప్పుకోవడానికి రాయడం లేదు సార్. సైకిల్ ఎక్కిన తర్వాతే, రోజూ తిరిగే రోడ్డు మీద నాకు అంతకుముందు కనపడని మనుషులు కనపడ్డారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

మా ఆఫీసు పక్క బిల్డింగులో ఒక పెద్దాయన సెక్యూరిటీ గార్డు. శ్రీకాకుళం నుంచి వచ్చారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన బోరబండలో ఉంటారు. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాలి కాబట్టి ఐదుంపావుకే బయల్దేరతారు. పాతకాలపు నల్ల సైకిల్, హ్యాండిల్‌కు టిఫిన్ బాక్సు, వెనక మడ్‌గార్డుకు ఎర్ర రేడియం స్టిక్కర్. ఆ స్టిక్కర్ ఎందుకు అంటించారని అడిగితే, "ఎనకనుంచి వచ్చే లారీవోడికి నేనున్నానని తెలియాలి కదమ్మా" అన్నారు. 2023 డిసెంబర్ నుంచి మా ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఆయనకు కాదు. పైగా ఆ వేళకు ఆయన దారిలో బస్సు దొరకడమే కష్టం. పన్నెండు గంటల డ్యూటీ అయ్యాక మళ్లీ అదే దారి. సైకిల్ ఆయనకు ఫిట్‌నెస్ కాదు, నెల జీతంలో మిగిలే డబ్బు. ఒకసారి ఆరింటికి ముందే మాదాపూర్ వచ్చి చూస్తే ఇలాంటివాళ్లు వరసగా కనపడతారు. హౌస్‌కీపింగ్‌వాళ్లు, హోటళ్లలో వంటపని వాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు, పేపర్ వేసే పిల్లలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయం, ఇంటిపట్టు పనులు కాకుండా ఇతర పనులు చేసేవాళ్లలో సుమారు 13 శాతం మంది సైకిల్ మీదే పనికి వెళ్తున్నారు. అంత పెద్ద సంఖ్య మన రోడ్ల డిజైన్‌లో ఎక్కడా కనపడదు.

మన నగరంలో సైకిల్ కోసం ఏమీ చేయలేదని నేను అనను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. ఒక ఆదివారం మావారు, నేను వెళ్లాం. నెత్తిమీద సోలార్ పలకల నీడ, రాత్రికి లైట్లు, ఎదురుగా లారీ వస్తుందన్న భయం లేదు. నిజంగా సంతోషమేసింది. కానీ నార్సింగి దాకా సైకిల్‌ను కారు వెనక కట్టుకుని తీసుకెళ్లాం. అక్కడ చాలామంది అలాగే వచ్చారు. నార్సింగి నుంచి కొల్లూరు, నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు ఉన్న ఆ దారి వ్యాయామానికి చాలా బాగుంది. బోరబండ బాబాయ్‌కి మాత్రం అది ఏ వైపూ దారి కాదు. ఆయనకు కావలసింది తన ఇంటికీ తన గేటుకీ మధ్య ఉన్న ఐదు కిలోమీటర్లలో ఎడమ పక్కన ఒక మీటరున్నర చోటు.

ఆ ఎడమ పక్కన ఏముందో చెప్పనివ్వండి. ఆగిన కార్లు ఉన్నాయి. వాటి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. తోపుడుబండ్లు, సవారీ కోసం ఆగిన ఆటోలు, బస్టాపులోకి ఒరిగి వచ్చే బస్సులు. వీటన్నిటినీ తప్పించుకోవడానికి కుడివైపు జరిగితే వెనక నుంచి హారన్. మీరు ఒక గీత గీసి ఆకుపచ్చ రంగు వేయించినా, ఆ గీత మీద కారు ఆపడానికి ఎవరూ వెనకాడరు. మోటారు వాహనాన్ని సైకిల్ దారిలో నడపకూడదని నిబంధన ఉంది. అది అమలు కావాలంటే గీత సరిపోదు, మధ్యలో చిన్న అంచు కట్టాలి, లేదా కడ్డీలు పాతాలి.

ఇక సిగ్నళ్లు. ట్రాఫిక్ తగ్గించడానికి చాలా కూడళ్లలో సిగ్నల్ తీసేసి యూటర్న్ పెట్టారు. కారుకు అది సులువు. నాకు కుడివైపు తిరగాలంటే అర కిలోమీటరు ముందుకు పోయి, ఎడమ చివర నుంచి మూడు వరుసలు దాటి డివైడర్ దగ్గరకు చేరి, అక్కడ వేగంగా వచ్చే వాహనాల మధ్యలో తిరగాలి. వెనక్కి చూస్తూ, చెయ్యి చాపుతూ, ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని. మొదటి నెల నాకు రోజూ ఆ రెండు నిమిషాలే టెన్షన్. ఇప్పుడు దిగిపోయి, నడిచేవాళ్లతో కలిసి సైకిల్ నెట్టుకుంటూ దాటుతున్నాను. నడిచేవాళ్లకూ అక్కడ ఆగి దాటే వీలు లేదు. కాబట్టి నేను అడిగేది సైకిల్‌వాళ్ల కోసమే కాదు. ప్రతి యూటర్న్ కూడలిలో మనుషులు దాటడానికి బటన్ నొక్కితే పడే సిగ్నల్ ఒకటి ఉంటే నడిచేవాళ్లు, మేము కలిసే దాటుతాం.

జూన్‌లో తొలి వానకు నేను పడ్డాను. ఎలా పడ్డానో వివరంగా చెప్తాను, ఎందుకంటే దాన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చు కాదు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ వైపు వచ్చే దారిలో రోడ్డు అంచున వాననీళ్లు దిగడానికి ఇనుప జాలీ ఉంది. జాలీ కడ్డీలు రోడ్డు పొడవునా ఉన్నాయి. అంటే రెండు కడ్డీల మధ్య సందు కూడా నా చక్రం వెళ్లే దిశలోనే ఉంది. స్కూటీ టైరు వెడల్పు, అందులో దిగదు. పదకొండేళ్లు దాని మీదుగా వెళ్లినా అక్కడ జాలీ ఉందనే నాకు తెలియదు. సైకిల్ టైరు సన్నం. పైన రెండంగుళాల నీళ్లు నిలబడి ఉండటంతో సందు కనపడలేదు. ముందు చక్రం దిగి ఠక్కున ఆగిపోయింది, నేను హ్యాండిల్ మీదుగా ముందుకు పడ్డాను. మోకాలికి నాలుగు కుట్లు, అరచేతుల తోలు లేచిపోయింది. వెనక వస్తున్న ఆటో అతను బ్రేకు వేశాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆటో అడ్డంగా ఆపి, నన్ను లేపి, నీళ్లు తాగించి వెళ్లాడు ఆ తమ్ముడు. పేరు కూడా అడగలేదు.

ఆ జాలీని పీకి అడ్డంగా తిప్పి బిగిస్తే చాలు సార్. కడ్డీలు చక్రానికి అడ్డంగా ఉంటే చక్రం దిగదు, నీళ్లు అంతే దిగుతాయి. చతురస్రంగా ఉన్నవాటికి కొత్త జాలీ కూడా అక్కర్లేదు. పొడుగ్గా ఉన్నవాటి మీద అడ్డంగా రెండు పట్టీలు వెల్డింగ్ చేయిస్తే సరి. ఒక మనిషి, ఒక వెల్డింగ్ మిషన్. నా దారిలోనే అలాంటివి పద్నాలుగు లెక్కపెట్టాను.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సైకిల్‌వాళ్లు 4,800 మందికి పైగా. వాళ్లలో ఎక్కువమంది బాబాయ్ లాంటివాళ్లే అయి ఉంటారని నా అనుమానం. పొట్టకూటి కోసం చీకటితో బయల్దేరేవాళ్లు.

ఇవన్నీ కొత్త కోరికలు కావు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే రోడ్డు మీద చోటును వాహనాల లెక్కన కాకుండా మనుషుల లెక్కన పంచాలని చెప్పింది. సైకిల్ ట్రాకులు ఎలా కట్టాలో, రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ పుస్తకమే వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 138వ సెక్షన్‌లో 1ఏ చేర్చి, పాదచారులకు, మోటారు లేని బండ్లకు సంబంధించిన నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. ఆ నియమాలు చేయమని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను ఆదేశించింది. మీరు రవాణా శాఖతో కలిసి కూర్చుని ఆ నియమాల్లో సైకిల్ గురించి స్పష్టంగా రాయించండి. కొత్త రోడ్డు వేసినా, పాత రోడ్డు మీద తారు మార్చినా ఎడమ అంచు సైకిల్‌కు వదలాలని రాయించండి.

చిన్న విషయాలు ఇంకో రెండు. ఆఫీసు భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు సైకిల్ స్టాండు తప్పనిసరి చేయండి. మా పార్కింగ్‌లో సైకిల్‌కు చోటు లేదంటే జనరేటర్ పక్కన నీళ్ల పైపుకు గొలుసు వేసి కట్టుకుంటున్నాను. రెండోది గాలి. నవ్వకండి సార్, ఇది నిజమైన ఇబ్బంది. బాబాయ్ సైకిల్‌ది పాతరకం వాల్‌ట్యూబ్, అంటే గాలి ఎక్కించే చోట సన్న రబ్బరు గొట్టం ఉండేది. పెట్రోల్ బంకులో గాలి మిషన్ దానికి పట్టదు. పంచర్ షాపులన్నీ ట్యూబ్‌లెస్ పనులకు అలవాటుపడ్డాయి. మా దారిలో ఒక్క తాత మాత్రం చెట్టు కింద తొట్టిలో నీళ్లు పోసుకుని కూర్చుంటాడు. ట్యూబును నీళ్లలో ముంచి, బుడగ వచ్చిన చోట వేలు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి ముక్క అతికిస్తాడు. ఆయన రాని రోజు సైకిల్ నెట్టుకుంటూ పోవడమే. మెట్రో స్టేషన్ల కింద, పెద్ద బస్టాపుల దగ్గర సైకిల్ స్టాండు, ఒక చేతి పంపు, ఇలాంటి తాతలకు కూర్చోవడానికి కాస్త నీడ ఇవ్వండి.

అన్నీ ఒక్కసారి కావని నాకు తెలుసు. అందుకే ఒకటే దారితో మొదలుపెట్టమని అడుగుతున్నాను. జేఎన్టీయూ నుంచి సైబర్ టవర్స్ వరకు ఒకటి చేసి చూపించండి, లేదంటే బోరబండ నుంచి మాదాపూర్ వరకు. మధ్యలో తెగకుండా ఉండాలి, అది ముఖ్యం. రెండు వందల మీటర్లు ట్రాక్ వేసి కూడలి దగ్గర వదిలేస్తే ప్రమాదమంతా ఆ కూడలి దగ్గరే ఉంటుంది.

ట్రాక్ కట్టడానికి టెండర్లు, సమయం కావాలి. జాలీలు తిప్పడానికి అక్కర్లేదు. వానలు ఇంకా రెండు నెలలు ఉన్నాయి. నేను పడ్డ జాలీ స్టేషన్ వైపు దిగేటప్పుడు ఎడమ పక్కన మూడో కరెంటు స్తంభానికి ఎదురుగా ఉంది. ఎవరైనా గుర్తుపట్టాలని పక్కన సుద్దతో గీత గీశాను, వానకు చెరిగిపోయింది, మళ్లీ గీశాను. రోజూ 8:40 ప్రాంతంలో అక్కడ దిగి, సైకిల్ నెట్టుకుంటూ దాటుతున్నాను. బాబాయ్ దాటేది చీకట్లో.

ఇట్లు
సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లే ఒక ఉద్యోగిని
నిజాంపేట, హైదరాబాద్