దండగమారి అన్న మాట గురించి

మిత్రమా,

మొన్న రాత్రి ఫోనులో, ఆ కోర్సును సగంలో ఆపేసినందుకు నిన్ను నువ్వే ‘దండగమారి మనిషిని’ అనుకున్నావు. ఆ మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. తెల్లవారకముందే లేచి, మంచం పట్టిన నాన్నగారికి స్నానం చేయించి, ఆఫీసుకు వెళ్లి వచ్చి, రాత్రి మళ్లీ ఆయనకు దగ్గరుండి అన్నం తినిపించేవాడు దండగమారి ఎలా అవుతాడు?

నీకు చెప్పని సంగతి ఒకటుంది. కిందటి ఏడాది రోజుకు 10,000 అడుగులు నడవాలని పట్టు పట్టాను. ఒక రాత్రి పదకొండున్నరకు చేతి గడియారంలో 8,400 దగ్గరే అంకె ఆగి ఉండటం చూసి, పాపకు మెలకువ వస్తుందని లైటయినా వేయకుండా, జ్వరంతో ఒళ్లు కాలుతున్నా వంటింటికీ వసారాకూ మధ్య తిరిగాను. అయినా పన్నెండయ్యేసరికి మూడు వందలు తక్కువే పడ్డాయి. డైరీలో ఆ తేదీని ఎర్ర సిరాతో కొట్టేసి, కింద ‘సిగ్గు లేదు’ అని రాసుకున్నాను. తీరా ఆ లెక్క వైద్యులు తేల్చింది కాదట. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన, అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చేలా పెట్టిన పేరు నుంచి అది ప్రచారంలోకి వచ్చింది.

టెక్సస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003 నుంచి స్వీయ కరుణ గురించి రాస్తున్నారు. తన పట్ల దయ, తడబాటు మనుషులందరికీ ఉన్నదేనన్న ఎరుక, బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడటం, ఈ మూడూ కలిస్తేనే అది కరుణ అంటారామె. నాకు అన్నిటికంటే కష్టమైనది రెండోది. పక్కింటి పిల్లవాణ్ణి చూసి బుద్ధి తెచ్చుకోమని వింటూ పెరిగిన మనకు, లోకమంతా ముందుకు పోతుంటే మనమొక్కరమే వెనకబడ్డామన్న దిగులు అంత సులువుగా పోదు.

తిట్టుకోకపోతే బద్ధకం పెరుగుతుందన్న నీ భయం నాకూ ఉండేది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగంలో, కఠినమైన పదాల పరీక్షలో తప్పిన విద్యార్థుల్లో కొందరికి ‘ఇది చాలామందికి కష్టమే, మిమ్మల్ని మీరు నిందించుకోకండి’ అని చెప్పారు. మళ్లీ రాయడానికి అవకాశమిస్తే, ఎక్కువసేపు చదివింది వాళ్లే.

డైరీ ఇప్పటికీ రాస్తున్నాను. నిన్నటి పేజీలో ‘5,100. మోకాలు నొప్పి, కూర్చున్నాను’ అని మాత్రమే ఉంది. ఆ కోర్సు సంగతి ఇప్పుడే తేల్చకు. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ఆ పూట నాన్నగారికి అన్నం నేను తినిపిస్తాను, నువ్వు కాసేపు పడుకో.

నీ
బాల్య మిత్రుడు