వేట మధ్యలోకి పడవలు తోలొద్దు

సంపాదకులకు,

సరస్సుల్లో పడవ షికార్లకు అనుమతులిచ్చేటప్పుడు నీటిపక్షుల గూళ్ల గురించి కొంతైనా ఆలోచిస్తారు. గూళ్లున్న చెట్ల దగ్గరికి పోవద్దని బోర్డు పెడతారు. మంచిదే. కానీ ఆ పక్షులు తిండి సంపాదించుకునే నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అక్కడ పడవలకు అడ్డూ అదుపూ ఉండదు.

తెల్ల గూడబాతుల గుంపు వేటాడటం ఓపిగ్గా చూసినవాళ్లకు నా బాధ అర్థమవుతుంది. అంత పెద్ద పక్షి నీళ్లలోకి మునగలేదు. పైన తేలుతూ, ముక్కు అందినంత లోతులోనే చేపను పట్టాలి. ఒక్కటే వెళితే చేప సులువుగా పక్కకు తప్పుకుంటుంది. అందుకని గుంపుగా అర్ధచంద్రాకారంలో వరస కడతాయి. ఒక్కోసారి రెక్కలతో నీళ్లు కొడుతూ, చేపల్ని మెల్లగా లోతు తక్కువున్న వైపు తోలుకుపోతాయి. జాలర్లు ఒడ్డుకు వల లాగినట్టే ఉంటుంది. వరస దగ్గరపడ్డాక దాదాపు అన్నీ ఒకేసారి ముక్కులు ముంచుతాయి. తల ఎత్తి, ముక్కు కిందున్న సంచిలోని నీళ్లు వదిలేసి, దొరికింది మింగి మళ్లీ కదులుతాయి.

నీటికాకుల పద్ధతి వేరు. అవి మునిగి వేటాడతాయి. గుంపు ముందుకు సాగుతుంటే వెనకబడ్డవి ఎగిరి, అందరికన్నా ముందు దిగి మునుగుతాయి. నెదర్లాండ్స్‌లోని ఐసెల్‌మేర్ సరస్సులో 1970లలో నీళ్లు మసకబారాక, అప్పటిదాకా ఒంటరిగా వేటాడిన నీటికాకులు పెద్ద గుంపులుగా వేటాడటం మొదలుపెట్టాయని పరిశోధకులు రాశారు. అంటే పరిస్థితిని బట్టి పద్ధతి మార్చుకోగలవు. ఆఫ్రికా పెంగ్విన్లకు చిన్న కెమెరాలు కట్టి చూస్తే, అవి కూడా కలిసి చేపల గుంపును కింది నుంచి పైకి తరుముతున్నాయని తేలింది.

దీన్ని సహకారం అనొచ్చా, లేక ఎవరి పొట్ట వాళ్లు చూసుకోవడమా అని శాస్త్రవేత్తలు వాదించుకుంటారు. పట్టిన చేపను ఏ గూడబాతూ పక్కదానికి పంచదు, ఆ మాట నిజమే. పక్కదాని నోట్లోది లాక్కునేవీ ఉంటాయి. ఆ వాదన ఎటు తేలినా నాకు ఫర్లేదు. వరస నిలబడితేనే వేట సాగుతుందన్నది మాత్రం కళ్లకు కనిపిస్తూనే ఉంది.

సరిగ్గా ఆ వరసలోంచే మోటారు పడవ దూసుకుపోతుంది. పర్యాటకులు కేకలు పెడతారు, పక్షులన్నీ లేస్తాయి, చేపలు లోతుకు జారిపోతాయి. అంతసేపు కూడగట్టుకున్న వేట అక్కడితో సరి. గూడబాతు బరువైన పక్షి, నీళ్ల మీద నుంచి లేవడానికే ఎంతో శక్తి పోతుంది. గూట్లో పిల్లలున్న కాలంలో తిండి కోసం చాలా దూరం ఎగిరొచ్చిన పక్షికి ఇది మామూలు నష్టం కాదు.

పడవలు ఆపేయమని నేను అనడం లేదు. గుంపు వరస కట్టి కనబడితే ఇంజిన్ ఆపాలి. వరసకూ ఒడ్డుకూ మధ్యలోంచి అసలు పోకూడదు, ఎందుకంటే చేపలున్నది అక్కడే. గుంపుల మీద డ్రోన్లు ఎగరేయకూడదు. అనుమతి పత్రంలో ఈ మూడు షరతులు రాయడానికి అధికారులకు ఖర్చేమీ కాదు. పక్షులను చూడాలనుకునేవారికి ఒడ్డు మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో చూసే ఏర్పాటు చేస్తే, పడవలో కన్నా ఎక్కువే కనబడుతుంది.

పత్రికలకూ ఒక విన్నపం. వందల పక్షులు ఒక్కసారిగా పైకి లేచిన ఫొటో మీ దగ్గరికి వస్తే, అవి ఎందుకు లేచాయో తీసినవారిని అడగండి. పడవ తోలి లేపినవని తెలిస్తే ఆ ఫొటో వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు