రీఫండ్ వచ్చింది, ఏజెంటు దాకా

సంపాదకులకు నమస్కారం.

విమాన టికెట్ల రీఫండ్ నిబంధనలను మారుస్తూ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025 నవంబరు మొదట్లో ముసాయిదా విడుదల చేసింది. ఆ నెలాఖరు దాకా అభిప్రాయాలు చెప్పమన్నారు. టికెట్ కొన్న 48 గంటల్లోపు చార్జీ లేకుండా రద్దు చేసుకోవచ్చన్న మాటే అందరి నోటా వినబడింది. నాకు ఆ 48 గంటలతో పని పడలేదు. మా ఇంటావిడ బాత్రూంలో కాలు జారింది టికెట్లు కొన్న రెండు నెలలకు.

మా పెద్దబిడ్డ డాలస్‌లో ఉంటుంది. సెప్టెంబరులో కాన్పు. ఆగస్టు 6న శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే విమానానికి మే నెలలో మా ఇద్దరికీ రానూపోనూ టికెట్లు తీసుకున్నాం, 2,14,600 రూపాయలు. ఆన్‌లైన్‌లో కొనడం రాక కాదు, అంత సొమ్ము ఫోన్‌లో నొక్కాలంటే టెన్షన్. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా ఎరిగిన ట్రావెల్స్ ఆయన ఉన్నాడు. ఏదన్నా తేడా వస్తే పోయి కూర్చుని అడగొచ్చు కదా అనుకున్నాను. జూలై 12న ఆమె తుంటి ఎముక విరిగింది. 14న ఆపరేషన్ థియేటర్ బయటి నుంచే టికెట్లు క్యాన్సిల్ చేయమని ఫోన్ చేశాను. తర్వాత షాపుకు పోతే ఆయన తన విజిటింగ్ కార్డు వెనక్కి తిప్పి, పెన్నుతో ‘1.70, 45 రోజులు’ అని రాసిచ్చాడు. నా చేతిలో ఉన్న రసీదు అదొక్కటే.

సెప్టెంబరు చివరిదాకా ‘ఎయిర్‌లైన్స్ వాళ్లు ఇంకా వేయలేదు సార్’ అన్న జవాబే. విసుగొచ్చి ఎయిర్‌లైన్స్ కస్టమర్ కేర్‌కు నేనే ఫోన్ చేశాను. బుకింగ్‌లో ఉన్న మెయిల్ చెప్పమన్నారు. నాది చెప్పాను, కాదన్నారు. ఫోన్ నంబరు చెప్పాను, అదీ కాదన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని టికెట్ చూస్తే పేర్లు మావే, మెయిలూ ఫోన్ నంబరూ షాపువి. అవి చదివి వినిపించాక అవతలి అమ్మాయి చల్లగా చెప్పింది: మనిషికి 22,000 పట్టుకుని మిగతా 1,70,600 జూలై 23ననే ఏజెన్సీకి పంపేశామని.

ఆ తేదీ చెప్పగానే షాపాయన ముఖం మాడిపోయింది. రెండు రోజుల్లో డబ్బు వేశాడు, ‘సర్వీసు చార్జి’ అని 8,000 మినహాయించి. ఆయన్ను దొంగ అనను. రీఫండ్ బ్యాంకులో కాకుండా ఏజెంటు వాలెట్‌లో పడుతుందట, అదే వాలెట్ నుంచి ఇంకొకరి టికెట్ తీస్తాడట. ‘సీజన్ కదా సార్, రొటేషన్‌లో పడిపోయింది’ అన్నాడు. మా డాలస్ డబ్బుతో ఎవరో దుబాయ్ పోయి ఉంటారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కైనా రీఫండ్ బాధ్యత విమాన సంస్థదే అని, 30 పనిదినాల్లో పూర్తి కావాలని 2016లోనే నిబంధన పెట్టారు. ఆ గడువును 21 పనిదినాలు చేస్తామని ముసాయిదాలో అన్నారు. సంతోషం. కానీ ఎవరికి చేరితే పూర్తయినట్టు? నా విషయంలో విమాన సంస్థ తొమ్మిది రోజుల్లోనే డబ్బు కదిలించింది. వాళ్ల పుస్తకంలో అంతా సక్రమమే. నాకు చేరడానికి ఇంకో రెండు నెలలు పైనే పట్టింది. లాక్‌డౌన్ టికెట్ల కేసులో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు, ఏజెంటు చేతికి వచ్చిన రీఫండ్ వెంటనే ప్రయాణికుడికి చేరాలని స్పష్టంగా చెప్పింది. ఆ మాట కరోనాతోనే పోకుండా కొత్త నిబంధనల్లో ఉండాలి.

గడువు ప్రయాణికుడి ఖాతా దాకా లెక్కించాలి. టికెట్ మీద ప్రయాణికుడి సొంత ఫోన్ నంబరు తప్పనిసరి చేయాలి. రద్దు చేసిన రోజే ఎంత పట్టుకున్నారు, ఎంత వెనక్కి పంపుతున్నారు అని ఆ నంబరుకు మెసేజ్ రావాలి. రైలు టికెట్ క్యాన్సిల్ చేస్తే మెసేజ్ వస్తుంది కదా, రెండు లక్షల టికెట్‌కు రాకపోవడం ఏమిటి?

నాకు కనీసం కస్టమర్ కేర్‌తో వాదించే ఓపిక, తీరిక ఉన్నాయి. ఆ షాపులోనే సిరిసిల్ల వైపు పిల్లగాడొకడు కలిశాడు. గల్ఫ్ ప్రయాణం మెడికల్ పరీక్షలో ఆగిపోయింది. టికెట్ నగదు ఇచ్చి కొన్నాడు, బిల్లు లేదు. ‘నాన్ రిఫండబుల్, ఏం రాదు’ అని చెప్పారట. అది నిజం కాదు. ఎంత చవక టికెట్ అయినా, చివరికి విమానం ఎక్కకపోయినా, ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు తిరిగి ఇవ్వాలన్నది ఇప్పటికే ఉన్న నిబంధన. (పన్నుల వరుసలో వైక్యూ, వైఆర్ అని ఉండేవి మాత్రం పన్నులు కావు, విమాన సంస్థ సర్‌చార్జీలు. నేనూ మొదట పొరబడ్డాను.) విదేశీ విమాన సంస్థలు ఎంత ఇవ్వాలన్నది వాళ్ల దేశం నిబంధనల ప్రకారం ఉంటుందని డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కూ అమెరికాకూ పోయే మనవాళ్లలో చాలామంది ఎక్కేది ఆ విమానాలే. ఈ చిక్కు మీద కూడా ఎవరైనా దృష్టి పెడితే బాగుండు.

ఆ పిల్లగాడికి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చాను. 5 లక్షల లోపు వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా ఉండదని చెప్పాను. ‘బిల్లు అడుగుతరేమో సార్’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినప్పుడు మా కాలనీలో స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. మా ఇంటావిడ ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది, వచ్చే ఫిబ్రవరిలో మనవణ్ని చూసొద్దామంటోంది. ఈసారి టికెట్ మీద నా ఫోన్ నంబరు పడేదాకా ఆ షాపులో కుర్చీలోంచి లేవను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, హన్మకొండ