అత్త వీసా రొట్టె పట్టిందిరోయ్!

ఒరే శీనా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో, రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి. నాన్నకి షుగర్ అదుపులోనే ఉంది, రొయ్యల రేటు పడిపోయింది, మీ వీధి రోడ్డు మళ్లీ తవ్వారు. కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి విను.

మా హెడ్మిస్ట్రెస్ రొట్టెల పండక్కి వచ్చింది!

అవును, మా మేనత్తే. పెళ్లిళ్లకి పోయినా ఇంటి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చుకునే మనిషి. నీ పచ్చ చొక్కా మీద తీర్పిచ్చిందే, ఆవిడే. పుట్టి బుద్ధెరిగి నెల్లూరులోనే ఉండి కూడా ఈ పండగ జరిగే బారా షహీద్ దర్గా వైపు తొంగి చూడలేదు. ఈ మొహర్రానికి తనే "మోకాళ్ల నొప్పులకి ఆరోగ్య రొట్టె పట్టాలిరా, తీసుకుపో" అంది.

దర్గా పక్కన స్వర్ణాల చెరువు దగ్గర ఇసకేస్తే రాలని జనం. అరవం, కన్నడం, ఉర్దూ, అన్నీ వినపడుతున్నాయి. మన చిన్నప్పుడు చదువు, పెళ్లి, సంతానం, ఉద్యోగం, ఇవేగా అరిచేవాళ్లు? ఇప్పుడు సొంతింటి రొట్టె, ప్రమోషన్ రొట్టె, వీసా రొట్టె. ఏది ఎక్కడో నీళ్ల దగ్గర బోర్డులు కూడా పెట్టారు. నాన్నయితే "వీసా రొట్టేందిరా, నవాబు కాలంలో వీసాలున్నాయా" అని ఒకటే సణుగుడు. ఈ దర్గా మహిమతో ఆర్కాటు నవాబు భార్యకి జబ్బు నయమైందనే కదా ఈ పండగ కథంతా, అప్పుడు జబ్బు, ఇప్పుడు వీసా, ఎవరి అవసరం వాళ్లది. 2015లో రాష్ట్ర పండుగ చేశాక జనం మరీ...

ఏం చెప్తున్నా? ఆఁ, అత్త. ఆరోగ్యం బోర్డు దాటేసి నేరుగా వీసా బోర్డు కిందకి పోయి నిలబడింది! మనవడి కోసమట, మోకాళ్లు ఉత్త సాకు. అక్కడ బురఖాలో ఒకామె, వేలూరు నుంచి వచ్చిందట, కొడుకు కెనడా పోయాడని రొట్టె తెచ్చింది. సగం అరవం, సగం ఉర్దూ కలిపిన తెలుగులో అత్తకి పాఠం: తల మీద కొంగు కప్పుకో, కోరిక తల్చుకో, రొట్టె తీసుకుని తిను, తీరితే వచ్చే ఏడు నువ్వూ తెచ్చి ఇంకొకరికి ఇయ్యి. అత్త బుద్ధిగా తలూపి... తినేసిందిరా! ఎవరింటి పెనమో, ఎవరి చెయ్యో, ఒక్క ప్రశ్న లేదు. పైగా "మెత్తగా ఉంది, నెయ్యి రాశావా" అని అడిగింది.

అసలు తమాషా ఆ తర్వాత. ఒంగోలు నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు ఒకటి బిక్కమొహం వేసుకుని "పెద్దమ్మా, ఎట్టా పట్టుకోవాలి?" అనడమే ఆలస్యం, అత్త ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నట్టు మొదలెట్టింది. వేలూరామె చెప్పినవన్నీ చెప్పి, పైన సొంతవి తగిలించింది: తూర్పుకి తిరగాలంట, చెరువు నీళ్లు మూడుసార్లు నెత్తిన చల్లుకోవాలంట, ఎడం చెయ్యి తగలకూడదంట! నేను నోరు తెరవబోతే ఒక చూపు చూసింది, ఆ చూపు నీకు తెలుసు. ఆ పిల్ల తిరిగింది, పక్కనున్న నలుగురూ తూర్పుకి తిరిగారు, చివరికి వేలూరామె కూడా! ఇంకో పదేళ్లు పోతే ఇది పెద్దలనాటి ఆచారమని ఎవరో టీవీలో చెప్తారు చూడు. మనింట్లో పండగలకి చేసేవాటిల్లో ఎన్ని ఇట్టాంటి హెడ్మిస్ట్రెస్‌లు పెట్టినవో అని అప్పట్నించీ నాకు ఒకటే అనుమానం, మొన్న అమ్మని అడిగితే "నోర్మూసుకుని చెయ్" అంది.

వీసా వస్తే రొట్టెలు మా ఇంట్లోనే కాల్చాలి, ఏ పిండి, ఎన్ని, ఎవరు కాల్చాలి అని అత్తకీ అమ్మకీ అప్పుడే మొదలైంది, నాన్నేమో మధ్యలో... ఉండు, స్కూలు వ్యాను హారన్ కొడుతున్నాడు, బుజ్జోడికి ఇంకా బూట్లు వెయ్యలేదు. మిగతాది ఫోన్లో