సైకాలజీ పీజీ చదివే మన పిల్లలకు డబ్బు దారులు: సంఘం వార్షిక నివేదిక, 2025-26

మన అనంతపురం కాలనీ సంఘం సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో ఉగాది పంచాంగ శ్రవణం మొదలుకొని మొక్కలు నాటడం దాకా అన్నీ వరుసగా రాసేవాళ్లం. ఈసారి అలా రాయడం లేదు. కంటి పరీక్షల శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ, వీధి దీపాల కోసం నగరపాలక సంస్థకు అర్జీలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి గారు చదివే లెక్కల్లో ఉన్నాయి. ఈ ఏడాది మా సాయంత్రాలు, ఆదివారాలు ఎక్కువగా ఒకే పనికి పోయాయి. సైకాలజీలో పీజీ చేయాలనుకున్న మన పిల్లలకు ఫీజు, హాస్టల్ డబ్బు ఎక్కడ దొరుకుతుందో వెతకడమే ఆ పని. అందుకే నివేదిక కూడా చాలావరకు దాని గురించే.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక తల్లి లేచి అడిగిన మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "మా పాప డిగ్రీ అయిపోయింది సార్. సైకాలజీలో ఎమ్మెస్సీ చేస్తానంటాంది. వాళ్ల నాయనేమో పిచ్చోళ్ల చదువు మనకెందుకంటాడు. నాకు చదివించాలనే ఉంది. డబ్బుల్లేవు, ఎవర్ని అడగాలో కూడా తెలీదు." హాల్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ చదువు చదివినవాళ్ల కోసమే అనంతపురం నుంచి 200 కిలోమీటర్లు దాటి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు పోతున్న ఇళ్లు మన కాలనీలోనే ఉన్నాయి. తెల్లవారుజామున బస్సెక్కి, అక్కడ చీటీ కోసం వరుసలో నిలబడి, రాత్రికి తిరిగొచ్చి, ఎవరైనా అడిగితే బంధువుల ఇంటికి పోయామని చెప్పుకునే ఇళ్లు. వేరుశనగ పంట పోయి అప్పుల్లో కూరుకుని నిద్రపట్టని మనిషికి, పరీక్ష తప్పి గదిలోంచి బయటికి రాని పిల్లాడికి మన యాసలో మాట్లాడే మనిషి మన ఊళ్లోనే ఉండాలి. ఆ రోజే ఐదుగురితో ఒక ఉపసంఘం వేసుకున్నాం.

మొదట్లో మేము చేసిన పొరపాటు ఏమిటంటే స్కాలర్‌షిప్‌ల జాబితా తయారు చేయడం. ఒక నోటు పుస్తకం నిండింది కానీ పిల్లలకు పెద్దగా ఉపయోగపడలేదు. నెల రోజుల తర్వాత అర్థమైంది, ఏ కోర్సులో, ఏ కాలేజీలో చేరుతున్నారన్నదే ఏ డబ్బు వస్తుందో తేలుస్తుంది. చేరిపోయాక స్కాలర్‌షిప్ వెతికితే సగం తలుపులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.

దీనికి మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. ఉరవకొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ చిన్న ఉద్యోగం చేసుకుంటున్న ఒక అబ్బాయి, పని మానకుండా దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేద్దామని ఒక స్టడీ సెంటర్‌లో అడ్వాన్సు కట్టాడు. 2025 ఆగస్టులో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆదేశం వచ్చింది. 2025 జూలై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని, కొత్త అడ్మిషన్లు తీసుకోకూడదని అందులో ఉంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వచ్చే కోర్సులన్నిటికీ ఈ నిషేధం వర్తించింది. మనుషులతో నేరుగా కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య కాబట్టి ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. కానీ ఆ సెంటర్ వాళ్లు ఆ సంగతి అబ్బాయికి చెప్పలేదు. మా ఉపసంఘంలోని రిటైర్డ్ మాస్టారు ఆదేశం ప్రింటు తీసుకుని మూడుసార్లు వెంట వెళ్లాక డబ్బు వెనక్కి వచ్చింది. అంతకు ముందే చేరి చదువుతున్నవాళ్లు కోర్సు పూర్తి చేసుకోవచ్చు కాబట్టి, అలాంటివాళ్లు ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

రెండో సంగతి ఫీజు రీయింబర్స్‌మెంట్. 2020 డిసెంబర్ 25న వచ్చిన జీవో 77తో మన రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవారికి ఆ సాయం ఆగింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో, ప్రభుత్వ కాలేజీలో చేరినవారికి కొనసాగింది. డిగ్రీలో ప్రైవేటు కాలేజీ ఫీజు కూడా వచ్చింది కదా, పీజీలోనూ అలాగే వస్తుందనుకుని చేరిన కుటుంబాలు ఎంత నలిగిపోయాయో చూశాం. కాబట్టి చేరే రోజున ఆ జీవో పరిస్థితి ఏమిటో కాలేజీ మాట మీద కాకుండా వార్డు సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుల దగ్గర కనుక్కోండి. మన చుట్టుపక్కల సైకాలజీ పీజీకి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటికి ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి కేంద్రీయ సంస్థలకు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. దానికి ఏడాది చివరి నుంచి జనవరి దాకా దరఖాస్తులు, మార్చిలో పరీక్ష. డిగ్రీ చివరి సెమిస్టర్‌లో ఉండగానే అప్లై చేయాలన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలీదు. ఫలితాలు వచ్చాక జూన్‌లో మా దగ్గరికి వస్తే అప్పటికి ఆ ఏడాది పోయినట్టే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఫీజు తక్కువ, ఖర్చంతా హాస్టల్, మెస్, ప్రయాణాలదే. ఎస్సీ విద్యార్థులకు ఇంకో వెసులుబాటు ఉంది. కుటుంబ ఆదాయం రూ. 2.5 లక్షల లోపు ఉంటే, బయట రాష్ట్రంలో చదివినా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రం నుంచే వస్తుంది.

ఇక ఈ ఏడాది మేము అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది యూజీసీ ఇచ్చే జాతీయ పీజీ స్కాలర్‌షిప్ మీద. పాతరోజుల్లో ఒక్కగానొక్క ఆడపిల్లకు ఇచ్చే ఇందిరాగాంధీ స్కాలర్‌షిప్, యూనివర్సిటీ ర్యాంకర్లకు ఇచ్చేది, ఇంకొకటి కలిపి 2023-24 నుంచి దీన్ని తెచ్చారు. నెలకు రూ. 15,000 చొప్పున ఏడాదికి 10 నెలలు, అంటే రూ. 1.5 లక్షలు, రెండేళ్లపాటు ఇస్తారు. దేశం మొత్తానికి 10,000 మందికి. పీజీ మొదటి ఏడాది రెగ్యులర్ కోర్సులో ఉండాలి, వయసు 30 దాటకూడదు. డిగ్రీ మార్కులను బట్టి ఎంపిక. మన పిల్లలు ముగ్గురు దరఖాస్తు చేశారు, ఒకమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయి కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు మంజూరైనా చేతికి రాకుండా ఎలా ఆగిపోతుందో అందులోనే ఉంది.

పదో తరగతి మెమోలో ఆమె ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. డిగ్రీ మార్కుల జాబితాలో పేరు చివర 'దేవి' ఉంది, ఆధార్‌లో లేదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందుగా వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, అది ఆధార్ ప్రకారమే జరుగుతుంది. ఆ తర్వాత దరఖాస్తును కాలేజీ నోడల్ అధికారి పరిశీలిస్తారు. పేరు కలవలేదని డిఫెక్ట్ అని వెనక్కి పంపారు. ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌ను ఆ అమ్మాయి ఏదో ప్రకటన అనుకుని చూడలేదు. గడువు ఇంకా నాలుగు రోజులే ఉందనగా మా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది. ఆ రాత్రే ఆధార్ సవరణకు కావాల్సిన కాగితాలు సర్దాం. మరుసటి రోజు సవరణ పెట్టించి, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ తీయించి, కార్యవర్గ సభ్యురాలు ఒకరు స్వయంగా ఆమెతో యూనివర్సిటీకి బస్సులో వెళ్లి నోడల్ అధికారికి చూపించారు. ఆయన ఓపిగ్గా విని ఆ రోజే ముందుకు పంపారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

అంతటితో అయిపోలేదు. మంజూరైందని పోర్టల్‌లో కనిపిస్తోంది, పాస్‌బుక్‌లో మాత్రం పైసా లేదు. నెల రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే. చివరికి తేలిందేమిటంటే, ఎప్పుడో సిమ్ కార్డు తీసుకున్నప్పుడు తెలియకుండా తెరిచిన ఒక ఖాతాకు ఆమె ఆధార్ సీడింగ్ (అనుసంధానం) అయి ఉంది. ప్రభుత్వం నేరుగా వేసే డబ్బు మనం దరఖాస్తులో రాసిన ఖాతాకు కాక, చివరిగా ఆధార్ సీడింగ్ అయిన ఖాతాకు పోతుంది. డబ్బు భద్రంగా అందులోనే ఉంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' అని ఉంటుంది, రెండు నిమిషాల పని. మీ ఇంట్లో డిగ్రీ చదువుతున్న పిల్లలుంటే ఈ రాత్రే చూడండి. పేర్లు కూడా ఈ వేసవిలోనే సరిచేయించండి, అడ్మిషన్ల సమయంలో ఆధార్ కేంద్రాల దగ్గర నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంకో ఇంటి బాధ కూడా చెప్పాలి. ఫీజు బకాయి ఉందని ఒక కాలేజీ డిగ్రీ అయిపోయిన అబ్బాయి సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంది. రావాల్సిన రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, అది పిల్లవాడి తప్పు కాదు. పీజీ కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్ కావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాపీ జతచేసి ప్రిన్సిపాల్ గారికి మర్యాదగా రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాం. వారం తిరిగేసరికి ఇచ్చేశారు. గొడవకు వెళ్లకుండా కాగితం మీద అడగడం పనికొచ్చిందని మా అనుభవం. ఆ వారం రోజులూ అబ్బాయి తిండి మానేశాడు. అప్పుడు వాళ్లమ్మకు మేము ఇచ్చిన నంబర్ 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్. ఉచితం, ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్‌ను సంఘం నోటీసు బోర్డు మీద పెద్దగా రాయించాం.

అప్పుల విషయం. 2024 నవంబర్ 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే హామీ ఆస్తి లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ. 8 లక్షల లోపు ఉంటే రూ. 10 లక్షల వరకు రుణం మీద చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవారికి ఈ రాయితీ రాదు, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోవాలి. మా సలహా మాత్రం స్పష్టంగా చెబుతాం. స్కాలర్‌షిప్, ప్రభుత్వ సీటు రెండూ ప్రయత్నించాకే బ్యాంకు మెట్లెక్కండి. పెద్ద ఫీజులున్న బెంగళూరు ప్రైవేటు సీటు కోసం పొలం తాకట్టు పెట్టాలనుకున్న ఒక తండ్రిని ఆపాం, ఆయన ఇప్పటికీ మా మీద కొంచెం కోపంగానే ఉన్నారు. సైకాలజీలో మొదటి ఉద్యోగం జీతం ఆ అప్పు కంతులకు చాలదని మేము భయపడ్డాం. ఆ భయం నిజమైనదే.

పీజీ తర్వాత సంగతి కూడా పిల్లలు అడుగుతున్నారు. మామూలు ఎంఏ, ఎమ్మెస్సీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోలేరు. దానికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ కావాలి. ఇన్నాళ్లూ ఆ దారి రెండేళ్ల ఎంఫిల్. నిమ్హాన్స్‌లో అయితే చదువుతూనే స్టైపెండ్ వచ్చేది. చాలా సబ్జెక్టుల్లో ఎంఫిల్ ఆపేసినా, క్లినికల్ సైకాలజీకి యూజీసీ 2025-26 వరకు గడువు ఇచ్చింది. ఇకముందు మండలి గుర్తించిన కొత్త కోర్సులే దారి కాబట్టి, సీటు తీసుకునే ముందు ఆ సంస్థ పేరు మండలి జాబితాలో ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయీ కట్టవద్దు. పరిశోధన వైపు వెళ్లేవారికి జాతీయ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో సైకాలజీ ఉంది. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, తర్వాత రూ. 42,000. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. విదేశాల గురించి ఇద్దరు అడిగారు. ఎరాస్మస్ ముండస్, కామన్వెల్త్, జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్ వివరాలు ఇచ్చాం.

ఉద్యోగాలు ఎక్కడ అని అడిగే తల్లిదండ్రుల కోసం ఒక మాట. విశాఖలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలని చెప్పింది. అనంతపురంలో ఎన్ని జూనియర్ కాలేజీలున్నాయో, ఎన్ని హాస్టళ్లున్నాయో మీకు తెలుసు. ఆ కుర్చీల్లో కూర్చోవాల్సింది మన పిల్లలే. మన కాలనీ చుట్టూ ఉన్న కాలేజీలకు ఈ తీర్పు కాపీ జతచేసి, కౌన్సెలర్‌ను నియమించారా అని అడుగుతూ ఉత్తరాలు రాశాం. రెండు చోట్ల నుంచి జవాబు వచ్చింది. మిగిలినవాళ్లకు జూన్‌లో మళ్లీ రాస్తాం.

సంఘం నిధి నుంచి ఈ ఏడాది స్కాలర్‌షిప్ అని ఎవరికీ ఇవ్వలేదు, మనకంత శక్తి లేదు. దరఖాస్తు రుసుములు, పరీక్షకు వెళ్లే బస్సు ఛార్జీలు, స్కాలర్‌షిప్ వచ్చేదాకా మెస్ బిల్లుకు చేబదులు, ఇవే ఇచ్చాం. చేబదులు తీసుకున్న ఇద్దరూ తిరిగి కట్టేశారు. ఈ పద్దును వచ్చే ఏడాది విడి ఖాతాగా నడపడానికి సభ్యుల అనుమతి కోరుతున్నాం.

మొదట లేచి అడిగిన ఆ తల్లి కూతురు ఇప్పుడు కడపలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. వాళ్ల నాయన పోయిన నెల మా దగ్గరికి వచ్చి, హాస్టల్‌కు పంపడానికి జొన్న రొట్టెలు ఎన్నాళ్లు నిల్వ ఉంటాయని మా సభ్యురాలిని అడిగి వెళ్లారు.

ఉపసంఘం ప్రతి ఆదివారం ఉదయం 10 గంటల నుంచి సంఘం గదిలో ఉంటుంది. వచ్చేటప్పుడు పదో తరగతి మెమో, ఆధార్, డిగ్రీ మార్కుల జాబితాలు, పాస్‌బుక్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు తెచ్చుకోండి. కంప్యూటర్ తెలిసిన యువకులు ఇద్దరు, ఇంగ్లీషులో అర్జీలు రాయగల పెద్దలు ఒకరిద్దరు మాకు ఇంకా కావాలి. ఈ సమావేశం అయ్యాక బయట బల్ల దగ్గర పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి