దాత తప్పుకున్నాక బడి సంగతి
ఫ్రెండ్స్, దాత డబ్బు ఆపేశాక బడి ఏమవుతుందో తెలియాలంటే, అమెరికాలో యూదుల డే స్కూళ్ల సంగతి చూడండి. లెక్కలు, సైన్స్‌తో పాటు హీబ్రూ భాష, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) కూడా చెప్పాలి, అంటే ఒకే బడిలో రెండు సిలబస్‌లు, ఫీజు మోత మామూలుగా ఉండదు. వాల్‌స్ట్రీట్‌లో సంపాదించిన జల్మన్ బెర్న్‌స్టీన్ 1984లో పెట్టిన అవీ ఖాయ్ ఫౌండేషన్ (ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాయ్ అనుకోకండి, 'నా తండ్రి బతికే ఉన్నాడు' అని అర్థం) ఈ బడుల బిల్డింగులకు వడ్డీ లేని అప్పులిచ్చింది, ప్రిన్సిపాళ్ల ట్రైనింగ్‌కూ డబ్బు పెట్టింది. నాకు నచ్చింది రెండోదే. గోడలు ఎలాగో లేస్తాయి, బడిని నడిపే మనిషి దొరకడమే కష్టం. పైగా వీళ్లు ఎప్పుడు ఆపేస్తారో చాలా ముందే చెప్పి, 2019 చివర్లో అక్కడ గ్రాంట్లు ఆపేశారు. ఈలోపే, 2016లో, ఇలాంటి బడులకు సాయం చేసే ఐదు సంస్థలు కలిసి ప్రిజ్మా అనే ఒకే సంస్థ అయ్యాయి, ఇప్పుడు బడులకు అండ అదే.